ఈతకొలను ముందు స్వేయా

తోర్‌వీక్‌లో చలికాలం పొద్దున మంచు తోసే బండి వెళ్ళగానే, దాని వెనకే ఫ్లాస్కు చంకన పెట్టుకుని హోకాన్ బయల్దేరతాడు. పురపాలక కచేరీలో కళల శాఖ అతనిదే. అక్కడ కాగితాలు చూడటం సగం పని, బొమ్మల్ని చూడటం మిగతా సగం. గ్రంథాలయం ముందు ఇనప కొంగ, ఆసుపత్రి గుమ్మంలో గాజు చెట్టు, బస్సులాగే చోట రాతి గుర్రప్పిల్ల. ఒక్కోదాని ముందూ ఆగి, మనసుపెట్టి చూసి, ఓ గుక్క కాఫీ తాగి ముందుకి కదులుతాడు. ఎవరూ చూడకపోతే ఆ ఊళ్ళో బొమ్మలు నిలవవు. సముద్రంలోకి వెళ్ళిపోతాయి.

పరుగులేం తీయవు. రోజుకి జానెడో మూరెడో రేవు వైపు జరుగుతాయి, అంతే. కొత్త బడి కట్టినప్పుడు దాని ముందు 'మైత్రి' అని పేరు పెట్టి సిమెంటు వలయాలు నిలబెట్టారు. మొదట్లో ఊరంతా చూసింది. తరవాత ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోయారు. వలయాలు ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ, దారిలో సైకిళ్ళకి అడ్డం రాకుండా మర్యాదగా పక్కకి తప్పుకుంటూ వెళ్ళి నీళ్ళలో మునిగాయి. వాటిని చేసినాయన ఇప్పుడు సూపర్‌మార్కెట్టులో ఖాళీ సీసాలు వెనక్కి తీసుకునే మిషను దగ్గర పనిచేసి బతుకుతున్నాడు. మంచివాడే పాపం.

అక్కడ లెక్క అలాంటిది. ప్రజల సొమ్ముతో ఏ భవనం కట్టినా, ఖర్చులో నూటికో వంతు కళకి పెట్టాల్సిందే. ఆ సొమ్ముతో పెట్టిన బొమ్మ, ఏడాది తిరిగి కళల సంఘం వచ్చి చూసేనాటికి పెట్టిన చోట ఉందా, రేవు పక్కనున్న పాత ఉప్పు గోదాము శిల్పిది. కింద పని చేసుకోవచ్చు, పైన కాపురం ఉండొచ్చు, బతికినన్నాళ్ళూ అడిగేవాడుండడు. బొమ్మ నీళ్ళపాలైందా, గోదాము ఖాళీ చెయ్యాలి, ఇక ఊరి పని దక్కదు. చేసినవాళ్ళు తమ బొమ్మని ఎంతసేపు చూసుకున్నా లాభం లేదు. ఆ చూపు బొమ్మకి ఆనదు.

ఈతకొలను భవనం కట్టినప్పుడు ఆ పని ఇంగెలాకి వచ్చింది. అప్పటికి ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు. అంతవరకూ సమాధి రాళ్ళ మీద పావురాలు చెక్కి పొట్టపోసుకుంది. గోదాములోకి సామాన్లు చేర్చి, మేడ మీద కిటికీ ఉన్న గది తల్లికిచ్చి, కింద మట్టి ముందు కూర్చున్న రోజున ఆనందంతో ఏడ్చేసింది. ఆ గోదాము చేజారితే మళ్ళీ పావురాలే.

తల్లి పేరు స్వేయా. ఎనభై ఆరేళ్ళు. ముప్పై ఏళ్ళపాటు ఊరి బడి వంటశాలలో వండి వడ్డించిన మనిషి. తోర్‌వీక్‌లో నలభై దాటిన వాళ్ళంతా ఆవిడ చేతి మాంసం ఉండలు తిని పెరిగినవాళ్ళే. పై పెదవి కింద పొగాకు పొట్లం ఇరికించుకుని, ఎవర్నీ లెక్కచెయ్యకుండా మాట్లాడేది.

"ఎవరో మనిషిని చూసి చేస్తే గాని బొమ్మకి ఊపిరి రాదే. డబ్బులిచ్చి మనిషిని కూర్చోబెట్టుకునే భాగ్యం నీకెక్కడ? నేనున్నాగా," అంది స్వేయా.

"బట్టలుండవమ్మా. ఈత కొట్టి వచ్చి, బల్ల మీద కూర్చుని కాలివేళ్ళ సందుల్లో తుడుచుకుంటున్న ముసలావిడ."

"బట్టలేసుకుని ఈత ఎవరు కొడతారే, పిచ్చిమొహమా!" అని ఆవిడ స్వెట్టరు విప్పేసి పొయ్యి పక్కన బల్ల మీద కూర్చుంది. చలికాలమంతా కూర్చుంది. పొట్ట మీద మడతలు, జారిన రొమ్ములు, మోకాళ్ళ మీద ముడతలు, వంటశాల వేడికి ఉబ్బిన నరాలు, అన్నీ కంచులోకి వచ్చాయి. ఇంగెలా తన జీవితంలో అంత మంచి పని చెయ్యలేదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

గీసిన బొమ్మ చూపించినప్పుడు ఊరి సభలో అందరూ చప్పట్లు కొట్టారు. కాగితం మీద మొహం తెలియలేదు మరి. ఏప్రిల్లో ఈతకొలను ముందు గుడ్డ తీసేసరికి, దాల్చినచెక్క రొట్టెలు చేతుల్లో పట్టుకుని నిలబడ్డ జనమంతా ఒక్కసారిగా తమ బూట్ల వంక చూశారు. స్వేయా! ఒంటి మీద నూలుపోగు లేని స్వేయా! పైగా అసలు స్వేయా ముందు వరసలో కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతోంది.

"చాలా... చాలా నిజాయితీ గల పని," అంది కళల సంఘం అధ్యక్షురాలు, పక్కనున్న చెత్తబుట్టని చూస్తూ.

పిల్లలు మాత్రం వారంపాటు చూశారు, వేలు పెట్టి చూపించి కిసుక్కున నవ్వారు. 'మన వంటశాల బామ్మని అలా చూడకూడదు' అని టీచర్లు మందలించి, ఈతకి వెనక గుమ్మంలోంచి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. హోకాన్ కూడా పొద్దున్నే వచ్చి, బొమ్మ కింద రాతిపలకని శ్రద్ధగా చూసి వెళ్ళిపోయేవాడు.

ఎండాకాలం పోయేసరికి కంచు ముసలమ్మ బల్లతో సహా పలక దిగింది.

ఇంగెలా బేకరీ రోలాండ్ దగ్గరికి పరిగెత్తింది. ఈతకొలనుకి ఎదురుగానే అతని దుకాణం. పగలంతా ఆ అద్దంలోంచి బయటికి చూస్తూ నిలబడే మనిషి.

"ఒక్కసారి చూడు రోలాండ్. రోజుకొక్కసారి. నేను దండం పెట్టి అడుగుతున్నాను."

"ఏం మాటలు ఇంగెలా ఇవి! తొమ్మిదేళ్ళు ఆవిడ వడ్డిస్తే తిన్నవాణ్ణి. చాలంటే ఇంకో బంగాళాదుంప వేసేది. ఆవిణ్ణి అలా, ఏ మొహం పెట్టుకుని చూడమంటావు?"

"అది కంచు."

"కంచే, కాదన్నానా? కాని ఆవిడ రేపు రొట్టెకోసం ఇక్కడికే వస్తుందిగా. అక్కడ అంతా చూసి, ఇక్కడ ఆవిడకి చిల్లరెలా ఇవ్వను?" రోలాండ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. మంచి మనసుతోనే అన్నాడు. "ఆవిడ కాలం తీరాక చూస్తాం. ఊరంతా చూస్తుంది. ఎంత బాగా చేశావని అందరూ అనుకుంటూనే ఉన్నారు. కొంచెం ఓపిక పట్టు." ఊరడింపుగా సంచీలో ఓ రొట్టె ఎక్కువ వేశాడు.

ఆ సాయంత్రం స్వేయా రెండు వేయించిన చేపలు తిని, మూడోది కూడా ఉందా అని అడిగింది. ఆ ఆకలి చూసి ఇంగెలాకి ఒళ్ళు మండింది. మండినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మంట తగ్గలేదు.

రోలాండ్ అన్నమాట మాత్రం ఆవిడ దాచలేదు, కోపంలో తల్లితో చెప్పేసింది. స్వేయా పడీపడీ నవ్వింది. మర్నాడు చక్రాల నడకబండి తోసుకుంటూ వెళ్ళి, అప్పటికి బేకరీ పక్క బస్సులాగే చోటు దాకా వచ్చేసిన బొమ్మ పక్కన నిలబడింది.

"ఒరేయ్ రోలాండూ! ఆ గోడకేసి ఏం చూస్తావురా, ఇటు చూడు. నాకేం సిగ్గు లేదు, మధ్యలో నీకెందుకూ? ఏమ్మా, నీకు రేపు ఇలా వేలాడవనుకున్నావా? చూడండర్రా, పుణ్యముంటుంది!"

బస్సు కోసం నిలబడ్డవాళ్ళు సిగ్గుతో చచ్చిపోయారు. అంతలో వచ్చిన బస్సు ఎక్కడికెళ్తుందో కూడా అడక్కుండా అందరూ ఎక్కేశారు. ఆ రాత్రి బొమ్మ మామూలుగా జరిగే దూరానికి రెండింతలు జరిగింది. స్వేయాకి చలి తగిలి జ్వరం పట్టుకుంది, మంచం దిగలేదు.

జనవరిలో కంచు ముసలమ్మ రేవు కటకటాల దగ్గరికి చేరుకుంది. దాని అవతల మెట్లు, మెట్ల కింద నీళ్ళు. హోకాన్ గోదాముకి వచ్చి, టోపీ చేత్తో తిప్పుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"చెప్పడానికి నోరు రావట్లేదు ఇంగెలా. సంఘం వాళ్ళు గోదాము సంగతి అడుగుతున్నారు. వచ్చే నెలకల్లా..." ఆపేశాడు. మాట మార్చడానికి అడిగాడు, "అమ్మ ఎలా ఉన్నారు? ఈ మధ్య కనబడటం లేదు."

ఇంగెలా మట్టి అంటిన చేతుల కేసి చూసుకుంది. ఊరికే, అలసిపోయి చూసుకుంది. తల ఎత్తేసరికి హోకాన్ టోపీని గుండెకి ఆనించుకుని ఉన్నాడు.

"అయ్యో. ఎప్పుడు?"

కాదు అని ఒక్కమాట అంటే సరిపోయేది. ఇంగెలాకి గోదాము కనిపించింది, పొయ్యి కనిపించింది, ఇంకా మొదలుపెట్టని బొమ్మలన్నీ కనిపించాయి.

"ఆదివారం," అంది.

సరిగ్గా అప్పుడే మేడ మీద స్వేయా దగ్గింది. పొడి దగ్గు, గట్టిగా, రెండుసార్లు. ఆ వెనకే "ఎవరే వచ్చింది?" అన్న కేక.

హోకాన్ ఎర్రబడ్డాడు. మనిషి చనిపోయిందని అనేశాక, సానుభూతి కూడా చెప్పబోయాక, ఇప్పుడు ఆ మాట ఎలా వెనక్కి తీసుకోవడం? ఇంగెలాని అబద్ధాలకోరు అన్నట్టవదూ? అతను పైకప్పు దూలాల కేసి చూశాడు.

"పాత కట్టడం. కర్ర చలికి చప్పుళ్ళు చేస్తుంది," అని, ఇంగెలా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని నొక్కి, వెళ్ళిపోయాడు.

మర్నాడు కచేరీ మీద జెండా సగానికి దింపారు. రోలాండ్ బేకరీ అద్దంలో కొవ్వొత్తి వెలిగించాడు. జనం గుంపులుగా రేవుకి వచ్చి, కంచు ముసలమ్మ ముందు నిలబడి, తల నించి కాలి గోరు దాకా తనివితీరా చూశారు. ఎన్నాళ్ళ నించో చూడాలని ఉంది పాపం వాళ్ళకి. "ఆ మోకాళ్ళు చూడు, అచ్చం ఆవిడే," అని కళ్ళు తుడుచుకున్నారు. బొమ్మ ఆగింది. వారం తిరక్కుండా మొహం ఊరివైపు తిప్పింది. మార్చి నెలకల్లా ఈతకొలను ముందు తన పలక మీద తను కూర్చుంది.

జెండా దింపిన రోజునే, ఇంట్లో సాయానికి వారానికోసారి వచ్చే మైలిస్ అనే ఆవిడ కూడా వచ్చింది, తాళంచెవి అప్పజెప్పడానికి. స్వేయా బల్ల దగ్గర కూర్చుని ఎండు రొట్టె మీద వెన్న రాసుకుంటోంది. మైలిస్ చూసింది. ఒక్క క్షణం నోరు తెరిచింది. తరవాత ఇంగెలా వైపు తిరిగి, చూపు నేల మీదే ఉంచి, "ఆవిడంటే నాకెంతో ఇష్టం. నాతో సరదాగా ఉండేది," అంది. తాళంచెవి బల్ల అంచు మీద పెట్టి వెళ్ళిపోయింది.

"ఏమే, నేను చచ్చానటగా?" అంది స్వేయా.

ఇంగెలా చెప్పింది. అంతా చెప్పింది, ఏడుస్తూ, అంట్లు తోముతూ, వెనక్కి తిరక్కుండా. ఏప్రిల్లో సంఘం వాళ్ళు వచ్చి చూసేదాకా చాలమ్మా, అంది.

స్వేయా చాలాసేపు నమిలింది. "ఏప్రిలంటే ఎంతలే. ఇంతకంటే పెద్ద చలికాలాలు చూశాను," అని నవ్వబోయింది.

రెండు రోజులు ఉండి, ఉండబట్టలేక కోటు తొడుక్కుని బేకరీకి వెళ్ళింది. ఉత్తచేతులతో తిరిగొచ్చింది. "'రోలాండూ, రై రొట్టె ఒకటి ఇవ్వరా' అన్నానే. వాడు నా వెనకాల పిల్లకి ఇచ్చాడు. మళ్ళీ అడిగాను. నుదుటి మీద చెమటలు పోశాయి వాడికి. గోడ మీద గడియారం చూశాడే గాని నన్ను చూళ్ళేదు." అని కుర్చీలో కూలబడింది. బూట్లు విప్పమని అడగలేదు. ఇంగెలా కూడా విప్పలేదు.

నిజానికి ఇంగెలా ఆ మధ్య తల్లి మొహం కేసి చూడటమే మానేసింది. అబద్ధం ఆడిన కళ్ళతో ఆవిడ కళ్ళలోకి ఎలా చూస్తుంది? పళ్ళెం ముందు పెట్టేది, దుప్పటి కప్పేది, గిన్నెల కేసి చూస్తూ మాట్లాడేది. దానికి సాయం పనులు కూడా పెరిగాయి. పక్క ఊరు నించి కూడా బొమ్మ చేసి పెట్టమని అడిగారు.

"నువ్వైనా చూడవే," అంది స్వేయా ఒకనాడు. గొంతులో ఎప్పటి వెటకారం లేదు. "ఒక్కసారి ఇటు తిరగవే."

"చూస్తూనే ఉన్నాగా అమ్మా. ఉండు, చేప మాడిపోతోంది."

కిటికీ దగ్గర ఉండే స్వేయా కుర్చీ మర్నాడు గది మధ్యలో ఉంది. ఇంగెలా వెనక్కి జరిపింది. రెండో రోజు మళ్ళీ గది మధ్యలోనే. ఆ తరవాత మెట్ల దగ్గర.

"ఎందుకు జరుపుతావమ్మా? పడతావు."

"నేను జరపలేదే. అదే వస్తోంది," అంది స్వేయా. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కాళ్ళకి బూట్లున్నాయి.

ఇంగెలాకి తెలియదా? ఆ ఊళ్ళో పుట్టిన మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది! అప్పటికి సంఘం వాళ్ళ పరిశీలనకి ఇంకో నాలుగు రోజులే ఉంది. ఆ నాలుగు రోజులూ గడిస్తే తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా చూస్తాను, కళ్ళు కాయలు కాచేలా చూస్తాను అనుకుంది. అలా అనుకుని, కింద గుమ్మానికి గడియ పెట్టింది.

పరిశీలన రోజున ఎండ బాగా కాసింది. రేవులో మంచు విరిగి, నీళ్ళు నల్లగా బయటపడ్డాయి. ఈతకొలను ముందు బల్ల వేసి కాఫీ పెట్టారు. అధ్యక్షురాలు వచ్చింది, హోకాన్ వచ్చాడు, రోలాండ్ రొట్టెలు తెచ్చాడు. పని ఎగ్గొట్టి మరీ పాతికమంది దాకా చేరారు. అధ్యక్షురాలు ఈసారి చెత్తబుట్టని చూడలేదు. బొమ్మ చుట్టూ తిరిగి, దగ్గరికి వంగి, చేత్తో తడిమి చూసింది.

"కంచు రంగు ఎంత బాగా తిరిగిందో! ఎన్నాళ్ళిలా ఉంటుందంటారు?"

ఇంగెలా జవాబు చెప్పబోతూ వీధి చివర చూసింది.

స్వేయా వస్తోంది. గుమ్మానికి పెట్టిన గడియ ఆవిణ్ణి ఆపలేదు. నడకబండి లేదు. టోపీ లేదు. నీలం కోటు గుండీలు తప్పుగా పెట్టుకుంది. ఏళ్ళ తరబడి ఆసరా లేనిదే అడుగెయ్యలేని మనిషి నడుము నిటారుగా పెట్టి, తొందర లేకుండా, ఆగకుండా నడుస్తోంది. గోదాము ఎదురుగానే రేవుంది, అటు దిగిపోవచ్చు. కాని ఊరంతా చుట్టి వస్తోంది. ప్రతి గుమ్మం ముందూ, ప్రతి మొహం ముందూ నడుస్తోంది. ఇంకెవరైనా చూస్తారేమో అని కాబోలు.

ముందుగా రోలాండ్ గమనించాడు. గమనించి, పళ్ళెంలో రొట్టెలు సర్దాడు. మైలిస్ తన చేతిసంచీలో ఏదో వెతికింది. హోకాన్ బొమ్మ కింద పలక మీద అక్షరాలు చదువుకున్నాడు. పాతికమందీ తోవ ఇచ్చారు. సాటి మనిషి ఇంట్లో జరిగిన దుఃఖాన్ని గౌరవించే తీరది. అబద్ధమాడిన ఇంగెలాని నలుగురిలో తలదించుకునేలా చెయ్యడం వాళ్ళకి చేతకాదు.

స్వేయా వాళ్ళ మధ్యలోంచి నడిచింది. తన కంచుబొమ్మ పక్కనించి వెళ్తూ దాని కేసి చూడలేదు. కూతురి ముందు మాత్రం అడుగు తడబడింది. ఆగలేదు, తడబడింది.

తను చేసిన బొమ్మకి తన చూపు ఆనదు. కాని ఈవిణ్ణి ఇంగెలా చెయ్యలేదు. ఈవిడే ఇంగెలాని చేసింది. ఒక్కసారి తలెత్తి చూస్తే చాలు, ఆ కాళ్ళు అక్కడే ఆగుతాయి. ఆ సంగతి ఇంగెలాకి తన పేరు తెలిసినంత బాగా తెలుసు. పొగాకు వాసన ముక్కుకి తగిలింది.

"ఇంగెలా?" అంది అధ్యక్షురాలు మృదువుగా. "రంగు ఎన్నాళ్ళుంటుందని అడిగాను."

"చాలాకాలం ఉంటుందండీ," అంది ఇంగెలా. "ఏడాదికోసారి మైనం పూస్తే చాలు."

"మోకాళ్ళు మరీ అద్భుతం," అన్నాడు హోకాన్, గొంతు సవరించుకుని.

"అవును, మోకాళ్ళు," అన్నారందరూ. ఒకరి తరవాత ఒకరు, ఊపిరి పీల్చుకుంటూ.

రేవు చెక్క మెట్ల మీద బూట్ల చప్పుడు వినబడింది. కింది మెట్టు దాకా వినబడింది. ఇంగెలా కాఫీ కప్పు పట్టుకుని, కంచు మోకాళ్ళ మీద తాను చేసిన ముడతల్ని ఒక్కొక్కటే చూస్తూ నిలబడింది. అవి ఎంత బాగా కుదిరాయో ఆ వేళ మొదటిసారి తెలిసింది.